ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి: ఆస్తి సంక్రమణకు సంబంధించిన ఇంగ్లీషు పదజాలంపై ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఒక్క క్రియాపదంతో మొదలైంది. దస్తావేజులను అనువదించే ఒక మహిళ, తెలుగు పత్రంలోని “ఇంటిని కుమార్తెకు రాసి ఇచ్చారు” అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు “బిక్వీద్” అనే క్రియను వాడారు. ఆ అనువాదం అందుకున్న న్యాయవాది తిరుగు ఉత్తరంలో ఆమెను రెండే విషయాలు అడిగారు: ఇంటి యజమాని మరణించిన తేదీ, వీలునామా చెల్లుతుందని కోర్టు మంజూరు చేసే ప్రొబేట్ అనే పత్రం నకలు. “బిక్వీద్” అంటే వీలునామా ద్వారా ఇవ్వడం; కానీ యజమాని అప్పటికి బతికే ఉన్నారు. ఆయన రాసింది వీలునామా కాదు, జీవించి ఉండగానే అమలులోకి వచ్చిన దానపత్రం. అనువాదంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు, స్పెల్లింగ్ తప్పు లేదు. అయినా ఆ ఒక్క మాట ఒక సజీవ వ్యక్తిని కాగితం మీద మృతుణ్ణి చేసింది. ఆ తర్వాత ఆమె నా దగ్గరికి వచ్చారు.

నేను వృత్తిరీత్యా పెద్దలకు ఇంగ్లీషు నేర్పుతాను. ముఖ్యంగా న్యాయ, వైద్య, కార్యాలయ రంగాల్లో అనువాదం చేసేవారికి. ఆమె అనుమతితో, గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తొలగించి, ఈ కేసును రాస్తున్నాను. మేము 10 వారాలు, వారానికి 2 గంటల చొప్పున కలిసి పనిచేశాం. ఆమెకు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడంలో పెద్ద ఇబ్బంది లేదు. ఆస్తి పంపకాలకు సంబంధించిన పదాలు ఆమెకు చాలావరకు తెలుసు. తెలిసిన ఆ పదాలే వాక్యంలో పెట్టేసరికి తారుమారయ్యేవి. ఈ తరహా అభ్యాసకులను నేను ఇంతకుముందు కూడా చూశాను. కానీ దాని మూలం ఎక్కడుందో స్పష్టంగా బోధపడింది ఈ కేసులోనే.

మొదటి తరగతిలో ఆమెకు 20 తెలుగు వాక్యాలు ఇచ్చి ఇంగ్లీషులోకి అనువదించమన్నాను. అన్నీ వీలునామాలు, దానాలు, వారసత్వాలు, పూర్వీకుల వస్తువుల చుట్టూ తిరిగే మామూలు వాక్యాలే. 11 వాక్యాల్లో తప్పులు దొర్లాయి. వాటిలో 6 ఒకే కోవకు చెందినవి: ఇచ్చేవారికి, పుచ్చుకునేవారికి మధ్య క్రియ దిశ మారిపోయింది. “ది ల్యాండ్ వాజ్ ఇన్‌హెరిటెడ్ టు హిమ్” అని ఒకచోట, “హర్ గ్రాండ్‌ఫాదర్ ఇన్‌హెరిటెడ్ హర్ ది హౌస్” అని మరొకచోట రాశారు. మొదటి వాక్యంలో భూమి ఆయన వైపు నడిచి వెళ్తోంది. రెండో వాక్యంలో తాతగారు మనవరాలికి ఇల్లు అందిస్తున్నారు. ఇంగ్లీషులో “ఇన్‌హెరిట్”, అంటే వారసత్వంగా పొందడం, ఈ రెంటికీ ఒప్పుకోదు. ఆ క్రియకు కర్తగా ఉండవలసింది పుచ్చుకునే వ్యక్తే. ఎవరి నుంచి వచ్చిందో చెప్పాలంటే “ఫ్రమ్” పెట్టాలి.

ఇక్కడ నేను చేసిన పొరపాటును దాచకుండా చెప్పాలి. మొదటి మూడు వారాలు నేను అందరు ఉపాధ్యాయులూ చేసే పనే చేశాను. ఇచ్చేవారి క్రియలు ఒక వరుసలో, పుచ్చుకునేవారి క్రియలు మరో వరుసలో రాయించాను. లీవ్, బిక్వీద్, హ్యాండ్ డౌన్, పాస్ ఆన్ ఒక పక్క. ఇన్‌హెరిట్, కమ్ ఇన్‌టు, సక్సీడ్ టు మరో పక్క. ఆమె వాటిని బాగా కంఠస్థం చేశారు. ఖాళీలు పూరించే అభ్యాసాల్లో తప్పు చేయడం మానేశారు. కానీ నాలుగో వారం మొదట్లో ఒక పూర్తి పత్రం అనువదించమని ఇస్తే, “ఇన్‌హెరిట్” అన్న పదాన్ని ఒక్కసారి కూడా వాడకుండా పేజీ మొత్తం నడిపించారు. “గాట్”, “రిసీవ్డ్” అని సరిపెట్టారు. నేను ఆమెకు నేర్పింది పదాన్ని వాడడం కాదు, దానికి భయపడడం.

ఆ రోజు ఆమె ఒక మాట అన్నారు: “మాస్టారూ, తెలుగులో ఆలోచించినప్పుడు ఆస్తే కదులుతుంది. మనిషి కదలడు. ఇంగ్లీషులో రాయాలంటే మనిషిని కదిలించాలి. అక్కడ తడబడుతున్నాను.” ఆమె నోట వచ్చిన ఈ మాటే మొత్తం కేసుకు తాళంచెవి అయింది.

తెలుగు వాక్యాన్ని పరిశీలించండి. “ఆయనకు తాతగారి ఆస్తి సంక్రమించింది.” ఇక్కడ కర్త ఆస్తి. మనిషి పక్కన ఉన్నది “కు” అనే విభక్తి మాత్రమే. ఆయన గమ్యం, కార్యకర్త కాదు. “వచ్చింది”, “దక్కింది”, “చెందింది”, “దఖలు పడింది” అన్నా అదే తీరు. పుచ్చుకునేవారిని కర్తగా నిలబెట్టి, ఒక్క క్రియలో “వారసుడిగా పొందాడు” అని చెప్పే సహజమైన తెలుగు మాట లేదు. “వారసత్వంగా పొందాడు” అని రెండు మాటలు కలిపి చెప్పాలి, అది కూడా పుస్తకాల భాషలోనే వినిపిస్తుంది. ఈ అలవాటుతో పెరిగిన మనసు “ఇన్‌హెరిట్” దగ్గరికి వచ్చేసరికి ఆస్తిని కర్తగా నిలబెట్టి, మనిషికి “టు” తగిలించడం సహజం. అది అజాగ్రత్త వల్ల వచ్చే తప్పు కాదు. మాతృభాష నేర్పిన వాక్య నిర్మాణమే అక్కడ పనిచేస్తోంది.

అలాంటప్పుడు ఆ నిర్మాణాన్ని పగలగొట్టడం కంటే, అది సరిగ్గా ఇమిడే ఇంగ్లీషు మాటలను వెతకడం మేలు కదా అనిపించింది. వెతికితే అవి న్యాయ ఇంగ్లీషులో పుష్కలంగా ఉన్నాయి. “ది హౌస్ పాసెస్ టు హర్” అంటే ఇల్లు ఆమెకు చెందుతుంది. “ది ఎస్టేట్ డివాల్వ్స్ అపాన్ ది సన్” అంటే ఆస్తి కొడుకుకు సంక్రమిస్తుంది. “ది ప్రాపర్టీ వెస్ట్స్ ఇన్ ది ట్రస్టీస్” అంటే ఆస్తి ట్రస్టీలకు దఖలు పడుతుంది. ఈ మూడింటిలోనూ తెలుగులో లాగానే ఆస్తి కర్త, మనిషి గమ్యం. “టు”, “అపాన్”, “ఇన్” అనే మూడు విభక్తులు గుర్తుంటే చాలు. ఆమె మొదటి రోజు రాసిన “ది ల్యాండ్ వాజ్ ఇన్‌హెరిటెడ్ టు హిమ్” అన్న వాక్యాన్ని నేను ఎర్ర సిరాతో కొట్టేసి, మనిషిని ముందుకు తెచ్చి తిరగరాయించాను. నిజానికి అక్కడ క్రియను మార్చి “పాస్డ్ టు హిమ్” అని ఉంచితే వాక్యం నిలిచేది. పైగా దస్తావేజు భాషకు మరింత దగ్గరగా ఉండేది. ఆమె వాక్య నిర్మాణం సరైనదే, క్రియ ఒక్కటే తప్పు అని మొదటి రోజే చెప్పి ఉంటే మూడు వారాలు మిగిలేవి.

ఆమె రెండో తప్పు, అంటే తాతగారే మనవరాలికి “ఇన్‌హెరిట్” చేయడం, మరో కారణంగా ఆసక్తికరమైనది. ఈ పదం ఇంగ్లీషుకు పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం “వారసుణ్ణి చేయడం”. అంటే మొదట్లో ఈ క్రియ ఇచ్చేవారిదే. ఇంగ్లీషులో కాలక్రమంలో అది పుచ్చుకునేవారి వైపు తిరిగింది. పాత దిశ ఒక్కచోట ఇంకా మిగిలి ఉంది: “డిస్‌ఇన్‌హెరిట్” అనే మాటలో. “హి డిస్‌ఇన్‌హెరిటెడ్ హిజ్ సన్” అన్నప్పుడు కర్త తండ్రి, ఆస్తి దక్కకుండా చేస్తున్నది ఆయనే. కాబట్టి “ఇన్‌హెరిట్”, “డిస్‌ఇన్‌హెరిట్” పైకి ఒకదానికొకటి వ్యతిరేక పదాల్లా కనిపించినా, వాటి కర్తలు వేరువేరు వ్యక్తులు. కొడుకు “ఇన్‌హెరిట్” చేస్తాడు. తండ్రి “డిస్‌ఇన్‌హెరిట్” చేస్తాడు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె ముఖంలో కనిపించిన నిశ్చింత నాకు గుర్తుంది. తను చేసిన తప్పు కొన్ని శతాబ్దాల కిందట ఒప్పే అని తెలిసిన తర్వాత ఆ పదం పట్ల ఆమెకున్న బెదురు పోయింది.

ఇక ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చిన అసలు సమస్య. తెలుగులో “రాసి ఇచ్చారు” అన్న మాట మరణం గురించి ఏమీ చెప్పదు. బతికి ఉండగా దానపత్రం రాసినా రాసి ఇవ్వడమే, చనిపోయాక అమలయ్యేలా వీలునామా రాసినా రాసి ఇవ్వడమే. తేడా చెప్పవలసి వస్తే “నా తదనంతరం” అన్న మాట వేరుగా చేరుస్తాం. ఇంగ్లీషులో ఆ తేడా క్రియలోనే ఇమిడి ఉంటుంది. “గివ్” అంటే ఎప్పుడైనా ఇవ్వవచ్చు. “కన్వే”, “ట్రాన్స్‌ఫర్” అంటే సాధారణంగా బతికి ఉన్నవారు చేసే బదిలీ. “బిక్వీద్” అంటే వీలునామా ద్వారా మాత్రమే. అది ఫలించడానికి రాసినవారి మరణం తప్పనిసరి. అందుకే న్యాయవాది ఆ ఒక్క మాట చూసి మరణం తేదీ అడిగారు. ఆయన అడగడంలో తప్పు లేదు.

“బిక్వీద్” పుట్టుక తెలిస్తే ఈ విషయం మనసులో నాటుకుంటుందని ఆమెకు వివరించాను. పాత ఇంగ్లీషులో దాని మూలధాతువుకు “పలకడం, చెప్పడం” అని అర్థం. కాగితం కంటే ముందు నోటిమాట ఉండేది; తన తర్వాత ఏది ఎవరికి చెందాలో మనిషి నోటితో చెప్పడమే ఆ క్రియ. దాని నామవాచకం “బిక్వెస్ట్”. క్రియ చివర “ద్” పలికి, నామవాచకం చివర “స్ట్” పలకడం తెలుగువారికి కొత్తగా ఉంటుంది. చాలామంది “బిక్వీత్” అంటారు, నిఘంటువులు దాన్నీ ఒప్పుకుంటాయి. అయినా నేను నేర్పింది క్రియ చివర మెత్తని “ద” పలకడం.

ఇదే సందర్భంలో “వీలునామా” అన్న మన మాటను కూడా విడదీసి చూశాం. ఇంగ్లీషు “విల్”కు పారశీకం నుంచి వచ్చిన “నామా” చేరి ఏర్పడిన మాట అది. తెలుగులోని “వీలు”తో, అంటే సౌకర్యంతో, దానికి సంబంధం లేదు. “విల్” అంటే కోరిక, సంకల్పం. “టెస్టమెంట్” లాటిన్ నుంచి వచ్చింది. సాక్షి అనే అర్థం ఉన్న మాట దానికి మూలం. “లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్” అన్న జంట పదాల్లో ఒకటి సంకల్పాన్ని, మరొకటి సాక్ష్యాన్ని చెబుతున్నాయి. ఇప్పుడు వాటి మధ్య న్యాయపరమైన తేడా లేదు కనుక, తెలుగులోకి తెచ్చేటప్పుడు రెంటికీ కలిపి ఒక్క “వీలునామా” చాలు. ఆమె మొదట “చివరి కోరిక మరియు సాక్ష్యం” అని రాశారు; ఆ అనువాదం చదివేవారిని దారి తప్పిస్తుంది.

ఇంగ్లీషు వీలునామాల్లో తరచుగా కనిపించే “గివ్, డివైజ్ అండ్ బిక్వీద్” అన్న త్రయం గురించి కాస్త ఆగి చెప్పాలి. సంప్రదాయ వాడుకలో “డివైజ్” స్థిరాస్తికి, “బిక్వీద్” చరాస్తికి. “డివైజ్” ఫ్రెంచి ద్వారా వచ్చింది. దాని లాటిన్ మూలానికి విభజించడం అని అర్థం. ఇంగ్లండులో 1540 నాటి వీలునామాల చట్టానికి ముందు భూమిని నేరుగా వీలునామా ద్వారా ఇవ్వడానికి సాధారణ న్యాయం (కోర్టు తీర్పుల ద్వారా రూపుదిద్దుకున్న “కామన్ లా”) ఒప్పుకునేది కాదు. చరాస్తికి, స్థిరాస్తికి వేరువేరు దారులు ఉండేవి కాబట్టి మాటలు కూడా వేరువేరుగా స్థిరపడ్డాయి. 1837 నాటి చట్టం వచ్చాక రెంటికీ ఒకే తరహా వీలునామా సరిపోయింది: లిఖితపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. ఈనాడు సరళ భాషలో రాసే న్యాయవాదులు “ఐ గివ్” అని మాత్రమే రాస్తారు. అనువాదకులు మూడు ఇంగ్లీషు క్రియలకు మూడు తెలుగు క్రియలు వెతికి అలసిపోనక్కరలేదన్నది నా అభిప్రాయం. “ఇస్తున్నాను” అన్న ఒక్క మాట మూడింటినీ మోస్తుంది.

అయిదో వారంలో “వారసత్వం” దగ్గరికి వచ్చాం. నన్ను అడిగితే ఈ పదజాలం మొత్తంలో ఎక్కువ సమయం వెచ్చించవలసింది ఇక్కడే. అరబ్బీ నుంచి వచ్చిన “వారసు”కు సంస్కృత ప్రత్యయం చేర్చి మనం చేసుకున్న ఈ ఒక్క మాట, ఇంగ్లీషులో కనీసం అయిదారు మాటల పని చేస్తోంది. ఆమెకు వరుసగా కొన్ని తెలుగు పదబంధాలు ఇచ్చి, ఒక్కోదానికి సరిపోయే ఇంగ్లీషు మాట వెతకమన్నాను. వారసత్వ కట్టడం “హెరిటేజ్” అవుతుంది. వారసత్వ వ్యాధి “హెరిడిటరీ” అవుతుంది. వారసత్వ ధ్రువపత్రానికి “సక్సెషన్”, వారసత్వ రాజకీయాలకు “డైనాస్టిక్”, వారసత్వంగా వచ్చిన డబ్బుకు “ఇన్‌హెరిటెన్స్” సరిపోతాయి. ఒక సంస్కర్త సమాజానికి మిగిల్చి వెళ్లిన వారసత్వం “లెగసీ”. ఆమె అన్నిటికీ మొదట “ఇన్‌హెరిటెన్స్” అనే రాశారు.

ఈ మాటల మధ్య గీతలు గీయడానికి మేము ఎంచుకున్న ప్రశ్నలు సరళమైనవి. వెళ్లింది డబ్బూ వస్తువులా, గుణమా, గౌరవమా? అందుకున్నది ఒక మనిషా, ఒక జాతా? ఇచ్చినవారి వైపు నుంచి చెబుతున్నామా, పుచ్చుకున్నవారి వైపు నుంచా? “ఇన్‌హెరిటెన్స్” పుచ్చుకున్నవారి వైపు నుంచి చెప్పే మాట. “లెగసీ” ఇచ్చినవారిని తలచుకుని చెప్పే మాట. న్యాయంలో లెగసీ అంటే వీలునామా ద్వారా వచ్చే చరాస్తి లేదా సొమ్ము. విశాలార్థంలో ఒకరి పని వెనక మిగిలిన ప్రభావం, అది మంచిదైనా చెడ్డదైనా. యుద్ధం వదిలివెళ్లిన దుఃఖం కూడా లెగసీయే. “హెరిటేజ్” మాత్రం గౌరవంగా నిలుపుకోదగినదానికే ఎక్కువగా వాడతారు, అదీ చాలావరకు సమష్టిగా. కంప్యూటర్ రంగంలో “లెగసీ సిస్టమ్” అంటే పాతబడినా ఇంకా వాడుకలో ఉన్న వ్యవస్థ అని అర్థం. అక్కడ “వారసత్వ వ్యవస్థ” అని అనువదిస్తే చదివేవారికి ఏమీ బోధపడదు.

సాధన కోసం నోబెల్ కథను తీసుకున్నాం. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1895 నవంబరు 27న పారిస్‌లో తన చివరి వీలునామాపై సంతకం చేశారు. 1896 డిసెంబరు 10న మరణించారు. ఆయన పేరిట బహుమతులు 1901లో మొదలయ్యాయి. వీలునామాలో బంధువులకు, మరికొందరికి నిర్ణీత మొత్తాలు రాశారు. మిగిలిన ఆస్తినంతా నగదుగా మార్చి, భద్రమైన పెట్టుబడుల్లో పెట్టి, వచ్చే ఆదాయాన్ని బహుమతులుగా పంచాలని వీలునామాను అమలు చేసే ఎగ్జిక్యూటర్లను ఆదేశించారు. ఈ ఒక్క కథలో మాకు కావలసిన మాటలన్నీ దొరికాయి. బంధువులకు వెళ్లినవి “లెగసీలు”. మిగిలినది “రెసిడ్యూ”. మొత్తం వదిలివెళ్లింది “ఎస్టేట్”. నేడు మనం తలచుకునే బహుమతుల ఖ్యాతి విశాలార్థంలో “లెగసీ”. ఒకే మాట ఒకే పేరాలో రెండు అర్థాలతో వచ్చినప్పుడు తెలుగులో మొదటిదాన్ని “వీలునామా ద్వారా వచ్చిన సొమ్ము” అనీ, రెండోదాన్ని “మిగిల్చి వెళ్లిన ముద్ర” అనీ ఆమె వేరుచేసి రాశారు. అది ఆమె సొంత పరిష్కారం, నాకు నచ్చింది.

“ఎస్టేట్” అన్నప్పుడు తెలుగు చెవికి విశాలమైన తోటో, స్థలాల వ్యాపారమో వినిపిస్తుంది. న్యాయ ఇంగ్లీషులో ఒక మనిషి మరణించేనాటికి వదిలివెళ్లినదంతా, చేతి గడియారం దగ్గర నుంచి బ్యాంకు ఖాతా వరకు, ఆయన ఎస్టేటే. అందులోంచే ముందు అప్పులు తీరాలి. ఇంకొక చిక్కు కూడా ఉంది. బ్రిటన్‌లో 1986 నుంచి అమల్లో ఉన్న పన్ను పేరు “ఇన్‌హెరిటెన్స్ టాక్స్”. పేరు పుచ్చుకున్నవారిది, కానీ లెక్క కట్టేది ప్రధానంగా చనిపోయినవారి ఎస్టేట్ మీద. 1894లో వచ్చిన పాత పన్నుకు “ఎస్టేట్ డ్యూటీ” అన్న పేరే ఉండేది. పేరును బట్టి దిశను నిర్ణయించకూడదని ఆమెకు చెప్పడానికి ఈ ఉదాహరణ పనికొచ్చింది.

“ఎయిర్” అన్న మాటను ఆమె “బెనిఫిషియరీ”కి బదులుగా వాడేవారు. తెలుగులో వీలునామా ద్వారా ఆస్తి పొందినవారినీ వారసులే అంటాం. ఇంగ్లీషు న్యాయ పరిభాషలో కచ్చితంగా మాట్లాడితే, వీలునామా లేనప్పుడు చట్టం చెప్పిన క్రమంలో ఆస్తి పొందేవారు ఎయిర్. వీలునామాలో పేరున్నవారు బెనిఫిషియరీ. స్నేహితుడు బెనిఫిషియరీ కావచ్చు, ఎయిర్ కానక్కరలేదు. బతికి ఉన్నవారికి ఎయిర్ అంటూ ఎవరూ ఉండరని పాత లాటిన్ న్యాయసూత్రం. మరణం తర్వాతే ఆ స్థానం ఖాయమవుతుంది. ఉచ్చారణలో మొదటి “హ” పలకదు కాబట్టి ముందు “యాన్” వస్తుంది. తరతరాలుగా కుటుంబంలో చేతులు మారే వస్తువు “ఎయిర్‌లూమ్”; అందులోని “లూమ్”కు పూర్వం పనిముట్టు అని అర్థం. మగ్గం అన్నది తర్వాత స్థిరపడిన అర్థం.

కొన్ని మాటలు ఒక్కసారి హెచ్చరిస్తే సరిపోయాయి. “డైడ్ వితౌట్ ఇష్యూ” అన్న వాక్యాన్ని ఆమె “ఏ ఇబ్బందీ లేకుండా మరణించారు” అని రాశారు. అక్కడ “ఇష్యూ” అంటే సంతానం, అదీ పిల్లలు మాత్రమే కాదు, మనవలు, మునిమనవలు కూడా. “సర్వైవ్డ్ బై టూ డాటర్స్” అంటే ఇద్దరు కుమార్తెలు ప్రమాదం నుంచి బయటపడ్డారని కాదు, ఆయన మరణించేనాటికి వారు జీవించి ఉన్నారని. వీలునామాల్లో “ఇఫ్ షీ సర్వైవ్స్ మీ బై 28 డేస్” అన్న షరతు కనిపిస్తుంది. అంటే నా తర్వాత ఆమె కనీసం 28 రోజులు జీవించి ఉంటేనే అని. వీలునామాను అమలు చేయడానికి అందులో పేరు పెట్టినవారు “ఎగ్జిక్యూటర్”, అలా ఎవరి పేరూ పెట్టనప్పుడు కోర్టు నియమించేవారు “అడ్మినిస్ట్రేటర్”. ఇక్కడ పరిపాలనాధికారి అన్న మాట పనికిరాదు.

ఏడో వారంలో వచ్చిన ఒక విషయం నన్ను కూడా నిలబెట్టి ఆలోచింపజేసింది. తెలుగులో “ఎ”, “ది” లాంటి ఆర్టికల్స్ లేవు; “నా” లాంటి మాటలను కూడా తరచుగా వదిలేస్తాం. అందువల్ల “వంద షేర్లు మేనల్లుడికి ఇస్తున్నాను” అన్న వాక్యం తెలుగులో అసంపూర్ణంగా అనిపించదు. సందర్భాన్ని బట్టి నా షేర్లే అని అర్థమవుతుంది. ఇంగ్లీషులో “మై 100 షేర్స్” అని రాస్తే అది “స్పెసిఫిక్ లెగసీ”: ఫలానా ఆ షేర్లే. రాసినవారు మరణించేలోగా వాటిని అమ్మేస్తే ఆ కానుక చెల్లకుండా పోతుంది. దీన్నే “ఎడెంప్షన్” అంటారు. “మై” లేకుండా “100 షేర్స్” అని మాత్రమే రాస్తే దాన్ని “జనరల్ లెగసీ”గా చదివే అవకాశం ఉంది. అప్పుడు ఎస్టేట్ నుంచి అలాంటి షేర్లు కొనైనా, వాటి విలువ చెల్లించైనా ఇవ్వవలసి రావచ్చు. ఒక చిన్న సర్వనామం మేనల్లుడికి ఏదో ఒకటి దక్కుతుందా, ఏదీ దక్కదా అన్నది నిర్ణయిస్తోంది. ఆర్టికల్స్, “మై” లాంటి చిన్న మాటలు వ్యాకరణం కోసమే నేర్చుకోవాలని అనుకునే అభ్యాసకులకు ఇంతకంటే గట్టి కారణం నేను చూపలేను. తెలుగు మూలంలో “నా” లేనప్పుడు అనువాదకులు సొంతంగా “మై” చేర్చకూడదని, రాసినవారిని లేదా వారి న్యాయవాదిని అడిగి తేల్చుకోవాలని మేము నియమం పెట్టుకున్నాం.

చివరి రెండు వారాలు “మిగిలినది” అన్న మాట మీద గడిచాయి. తెలుగు వీలునామాల్లో “నా భార్య యావజ్జీవం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారునికి సర్వహక్కులతో చెందగలదు” అన్న తరహా వాక్యం సర్వసాధారణం. మరో చోట “పైన చెప్పినవి పోగా మిగిలిన ఆస్తి యావత్తూ” అని వస్తుంది. తెలుగులో రెండో సందర్భంలోనే “మిగిలిన” అన్న మాట కనిపిస్తుంది. ఇంగ్లీషులో మాత్రం రెండు చోట్లా మిగులుదలను సూచించే మాటలే ఉన్నాయి. భార్య జీవితకాలపు అనుభవ హక్కు “లైఫ్ ఇంటరెస్ట్”. ఆ తర్వాత కుమారుడికి వెళ్లేది “రిమెయిండర్”. పైవన్నీ పోగా మిగిలిన ఆస్తి “రెసిడ్యూ”. భార్య తర్వాత ఆస్తి మరెవరికీ వెళ్లకుండా, ఇచ్చినవారి వైపే తిరిగి వస్తే అది “రివర్షన్”. ఆమె మూడింటినీ “రిమైనింగ్ ప్రాపర్టీ” అని రాస్తూ వచ్చారు.

వివరించడానికి నేను ఎంచుకున్న భేదం ఇది: రిమెయిండర్ అంటే కాలంలో మిగిలినది, రెసిడ్యూ పరిమాణంలో మిగిలినది. ఇల్లు ఒక్కటే, దాని మీది హక్కును కాలం ప్రకారం రెండు ముక్కలు చేసినప్పుడు రెండో ముక్క రిమెయిండర్. ఆస్తులు చాలా ఉన్నప్పుడు కొన్నింటిని పంచి, పంచగా మిగిలిన రాశి రెసిడ్యూ. బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ స్మిత్‌సన్ 1826 నాటి వీలునామాను దీనికి దగ్గరి ఉదాహరణగా చదివాం. ఆయన తన ఆస్తి నుంచి వచ్చే ఆదాయాన్ని ముందు మేనల్లుడికి ఇచ్చి, ఆ మేనల్లుడు సంతానం లేకుండా మరణిస్తే మొత్తం అమెరికా సంయుక్త రాష్ట్రాలకు, జ్ఞానాభివృద్ధికి ఒక సంస్థను నెలకొల్పడానికి వెళ్లాలని రాశారు. స్మిత్‌సన్ 1829లో, మేనల్లుడు 1835లో మరణించారు; 1846లో ఆ దేశపు కాంగ్రెస్ స్మిత్‌సోనియన్ సంస్థను చట్టం ద్వారా స్థాపించింది. “సంతానం లేకుండా”, “ఆ తర్వాత”, “మొత్తం” అన్న మూడు మాటలు ఒక దేశపు మ్యూజియాల చరిత్రను నిర్ణయించాయి. ఆ కథను ఇంగ్లీషులో తిరిగి రాయమన్నప్పుడు ఆమె “పాస్డ్ టు” అన్న క్రియను రెండుసార్లు, “ఇన్‌హెరిటెడ్” అన్న క్రియను ఒకసారి, మూడూ సరైన కర్తలతో వాడారు.

పదో వారం చివర మొదటి రోజు ఇచ్చిన 20 వాక్యాలనే మళ్లీ ఇచ్చాను. ఈసారి 3 వాక్యాల్లో తప్పులున్నాయి. దిశకు సంబంధించిన తప్పు ఒక్కటీ లేదు. ఒకటి “హెరిటేజ్”కు బదులు “లెగసీ” వాడడం; మిగిలిన రెండూ “ది” వదిలేయడం. ఒకే అభ్యాసకురాలు, ఒకే వాక్యాలు కాబట్టి ఈ అంకెలకు అంతకు మించిన బరువు నేను ఇవ్వను. నాకు ముఖ్యమనిపించింది మరొకటి. ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో ఆమె పెన్సిలుతో రెండు చిన్న ప్రశ్నలు రాసుకున్నారు: “బతికి ఉన్నారా? కర్త ఎవరు?”

న్యాయవాదికి పంపిన పాత అనువాదాన్ని ఆమె సరిదిద్ది మళ్లీ పంపారు. “బిక్వీద్డ్” అన్నచోట “కన్వేడ్ బై వే ఆఫ్ గిఫ్ట్ డ్యూరింగ్ హిజ్ లైఫ్‌టైమ్” అని పెట్టారు. చివరి మూడు మాటలు తెలుగు మూలంలో లేవు. అవి చేర్చడం సరైనదేనా అని ఆమె నన్ను అడిగారు. పత్రం దానపత్రమని శీర్షికలోనే ఉంది కాబట్టి ఆ అర్థం మూలంలో ఉన్నదే అన్నాను. అయినా ఆ మాటలను అనువాదంలో చతురస్ర కుండలీకరణాల్లో పెట్టి, అవి అనువాదకురాలు స్పష్టత కోసం చేర్చినవని కింద ఒక వాక్యం రాయమని సలహా ఇచ్చాను. ఆమె అలాగే చేశారు. న్యాయవాది మరణం తేదీ మళ్లీ అడగలేదు.